నా ‘ఊఁ’ని ‘ఎస్’ అని రాసుకున్నారు

నేను రెండో తరగతి వరకే చదివాను. అయినా నా మందుల లెక్క నేనే రాసుకుంటాను. మనవరాలు సగం వాడి పారేసిన స్కూల్ నోట్‌బుక్కులో రోజుకో గీత. బీపీ బిళ్ళ విరిచి సగమే మింగేదాన్ని కాబట్టి గీత పక్కన ‘అర’ అని కూడా రాసేదాన్ని. నెల బిళ్ళలు రెండు నెలలు వచ్చేవి. ఆ సంగతి డాక్టరుకి చెప్పలేదు, కూతురికీ చెప్పలేదు. ఆ తప్పు నాదే.

అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్ళో మా అమ్మాయి ఇంట్లో ఉండగా ఒకరోజు మందుల షాపు నుంచి ఫోన్ వచ్చింది. మీరు వాడే మందులన్నీ ఒకసారి సరిచూడాలి, దానికి ఇన్సూరెన్స్ వాళ్ళు మాకు డబ్బిస్తారు అందామె. ఆమె ఇంగ్లీషు అంతవరకు అర్థమైంది. ఆ తర్వాత గడగడా ఏదో చదువుకుంటూ పోయింది. ఎదుటివాళ్ళు చెబుతుంటే ఊ కొట్టకపోతే పొగరనుకుంటారని మా ఇంట్లో నేర్పారు. ఆమె ఆగిన చోటల్లా ఊఁ అన్నాను. కుక్కర్ మూడో కూత వేసేలోపే ఫోన్ పెట్టేసింది.

తర్వాతి వారం డాక్టరు నా బీపీ చూసి, షాపు వాళ్ళు పంపిన కాగితం చూశాడు. రోజూ నిండు బిళ్ళ వేసుకుంటున్నానని అందులో ఉంది. అయితే ఈ మందు చాలట్లేదని మోతాదు రెట్టింపు చేశాడు. ఈసారి భయపడి నిండు బిళ్ళే మింగాను. నాలుగో రోజు బాత్రూమ్‌లో కళ్ళు తిరిగి పడ్డాను. ఎడమ మణికట్టు విరిగింది. ఆసుపత్రిలో అమ్మాయికి నిజం చెప్పాను.

ఆ మధ్యనే ఇన్సూరెన్స్ కాగితం వచ్చింది.

“అమ్మా, నువ్వు షాపుకెళ్ళి అరగంట కూర్చున్నావట. అన్నీ అర్థమయ్యాయన్నావట.”

“నేను ఇల్లు కదల్లేదే.”

“మరి ఆ అరగంటకి ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గర డబ్బు క్లెయిమ్ కూడా చేశారు చూడు.”

నిండు బిళ్ళ అని షాపు వాళ్ళు రాసింది సరిచేయించకపోతే రేపు ఇంకో డాక్టరూ దాన్నే నమ్ముతాడు. నోట్‌బుక్కు పట్టుకుని షాపుకి వెళ్ళాం. కౌంటర్ వెనకామె స్క్రీన్ చూసి, నేను అన్నిటికీ ఎస్ అన్నానంది.

మా అమ్మ ఊఁ అంటే వింటున్నానని అర్థం, అవునని కాదు అని అమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది. తర్వాత నా వైపు తిరిగి, “నువ్వు సగం బిళ్ళ మిగిల్చావు, వాళ్ళు అరగంట కలిపారు. సరిపోయారు ఇద్దరూ,” అంది.

నేను నోట్‌బుక్కు తెరిచి కౌంటర్ మీద పెట్టాను. నా ‘అర’లు అమ్మాయి ఒక్కొక్కటే చదివి చెబుతుంటే ఆమె టైప్ చేసుకుంది. అరగంట సంగతి అడిగితే, బిల్లింగ్ వేరేవాళ్ళు చూస్తారు, అది మా చేతిలో లేదంది.

సరిచేసినదాని ప్రింట్ ఇస్తేగాని కదలనన్నాను. కార్‌లో అమ్మాయి చదివింది. బిళ్ళ సగమే వేసుకునేది అని ఉంది. దాని కింద, పేషెంట్ ఇంతకుముందు తప్పు చెప్పింది అని ఉంది.

ఇంటికొచ్చి ఆ కాగితాన్ని నోట్‌బుక్కులో అతికించాను. దాని కింద నాకు వచ్చిన అక్షరాలతో రాశాను: నేను చెప్పలేదు, విన్నాను.