కంప తీసిన రోజు

2020 వేసవి. హనుమకొండలోని ఒక కాలేజీలో ఎం.ఏ. విద్యార్థులకు పొలిటికల్ సైన్స్ చెప్పేవాణ్ని. లాక్‌డౌన్ వల్ల పాఠాలన్నీ ఫోన్‌లోనే. అప్పుడు చెబుతున్నది ‘రీజనల్ ఇంటిగ్రేషన్’, అంటే ఇరుగుపొరుగు దేశాలు కొన్ని అధికారాలను ఉమ్మడిగా పెట్టుకొని కలిసి నడవడం. యూరప్ దీనికి పెద్ద ఉదాహరణ. మామూలుగా ఈ పాఠానికి సగం క్లాసు కునుకు తీస్తుంది.

సంక్షోభం వస్తే ఇలాంటి కూటమి ఏమవుతుందన్న దానికి మూడు సిద్ధాంతాలున్నాయి. వ్యాపారాలు, పనులు ఒకసారి పెనవేసుకున్నాక విడిపోలేరు, కష్టం వాళ్లను ఇంకా దగ్గరికే నెడుతుందంటుంది నియోఫంక్షనలిజం. ఒక పనిలో కలిస్తే ఇంకో పనిలోనూ కలవక తప్పదు. దాన్ని ‘స్పిల్‌ఓవర్’ అంటారు. ప్రతి ప్రభుత్వం తన లాభం కోసమే బేరమాడుతుందంటుంది ఇంటర్‌గవర్నమెంటలిజం. జనంలో ‘మనవాళ్లు, పరాయివాళ్లు’ అన్న భయం లేస్తే నాయకుల చేతులు కట్టేసినట్టే అంటుంది పోస్ట్‌ఫంక్షనలిజం.

యూరప్ దేశాలు సరిహద్దులు మూసుకున్న సంగతి చెబుతుంటే మమత అడిగింది. ధర్మసాగర్ అవతలి పల్లె నుంచి వచ్చి చదువుకునే అమ్మాయి.

“సార్, దవాఖానకు పోయెటోళ్లను గూడ ఆపిన్రా?”

క్లాసు అయ్యాక ఫోన్ చేస్తే అసలు విషయం చెప్పింది. వాళ్లమ్మకు కిడ్నీలు పాడయ్యాయి. వారం వారం హనుమకొండకు తెచ్చి డయాలసిస్, అంటే యంత్రంతో రక్తం శుభ్రం చేయించాలి. దారిలోని పక్క ఊరివాళ్లు రోడ్డుకు అడ్డంగా తుమ్మ కంప వేశారు. అంబులెన్సు కూడా ఆ కంప దాకా వచ్చి తిరిగిపోయింది. పోలీసులు ఒకసారి తీయించారు, వాళ్లు వెళ్లగానే మళ్లీ వేశారు.

కంప వేసిన ఆ ఊరి సర్పంచ్ నాకు తెలిసినవాడే. ఫోన్ చేసి బతిమాలాను.

“సారూ, నాకు తెల్వదా? ఆళ్ల ఊరికి పట్నం నుంచి మనుషులొచ్చిన్రని మావోళ్లు భయపడుతాండ్రు. ఇయాల నేను కంప తీస్తే రేపు ఊరంత నా మీద పడ్తది” అన్నాడు.

చెడ్డవాడు కాదు. నేను పొద్దున చెప్పిన మూడో సిద్ధాంతాన్నే సాయంత్రం నాకు అప్పజెప్పాడు. అంత నిస్సహాయత నా ఉద్యోగంలో మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

కొన్నాళ్లకు మబ్బు పట్టింది. రెండు ఊళ్ల వడ్లు కొనే కేంద్రం మమత వాళ్ల ఊళ్లోనే ఉంది. కంప ఉంటే లారీ రాదు, వాన పడితే కల్లాల్లోని పంటంతా నానిపోతుంది. పక్క ఊరి రైతులే వచ్చి తమ చేతులతో కంప లాగేశారు. సర్పంచ్ దగ్గరుండి లారీలు పంపించాడట.

కాలేజీ తెరిచాక పాఠం అక్కణ్నుంచే మొదలైంది. యూరప్ దేశాలు చివరికి దారులు తెరిచాయని, కలిసి అప్పు తెచ్చి పంచుకోవాలని ఒప్పుకున్నాయని చెప్పాలి. మమతను చూసి ఆగిపోయాను. వాళ్లమ్మ లేదని అప్పటికే విన్నాను. ఆ అమ్మాయే లేచి నిలబడింది.

“చెప్పుండ్రి సార్. మీ మొదటి సిద్ధాంతమే కరెక్టు. కంప తీసిన్రు. వడ్ల కోసం తీసిన్రు. ఆ లారీ ఎనుకనే మా అమ్మను ఆటోల తీస్కపోయినం. దవాఖాన మెట్ల కాడ పాణం పోయింది.”

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

ఆ పాఠం ఇప్పటికీ చెబుతున్నాను. ఏ సిద్ధాంతమూ తప్పని అనను. కష్టం వచ్చినప్పుడు మూసుకున్న దారి ఎందుకు తెరుచుకుంటుందో అవి బాగానే చెబుతాయి. కానీ అది తెరుచుకునే దాకా కంప అవతల ఎవరు ఆగిపోయారో, వాళ్లేమయ్యారో కూడా అడగమని పిల్లలకు చెబుతాను. మమత చెప్పకపోతే, ఆ రెండు ఊళ్లు చివరికి కలిశాయనే నేనూ సంతోషంగా ఉదాహరణ ఇచ్చేవాణ్ని.