పెద్దకోడలి నల్ల కారు

మా అత్త ఉండేది నా దగ్గర, పొగిడేది కడపలో ఉన్న మా తోటికోడలిని. మోకాళ్లకు నూనె మర్దనా చేసేది నేను, సంగటి ఉండల్లేకుండా గెలికి పెట్టేది నేను. అత్తేమో ఏడాదికోసారి మా మరిది కారులో అహోబిలం పోయొచ్చి, "చిన్నదాని కారులో కూర్చుంటే ఊయల్లో కూర్చున్నట్టే ఉండాది" అని నెల రోజులు వీధి వీధంతా చెప్పుకొచ్చేది. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా? నా కడుపు మండేది. దాచుకోవడమెందుకు, కుళ్లుకునేదాన్ని.

అందుకే మేం కారు కొనేటప్పుడు రంగు నేనే చెప్పాను. నలుపు. వాళ్లదీ నలుపే మరి. మా ఆయన సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి కాబట్టి తల పట్టుకున్నాడు.

"ఎర్రగుంట్లలో ఉంటా నల్లకారు ఎవరన్నా తీసుకుంటారా? తెల్లారేసరికి విభూది పూసుకున్న సన్యాసి మాదిరి ఉంటాది."

నేను వినలేదు. వాళ్ల కారు కన్నా మాది నిగనిగలాడాలి. ఈ ఏడు అత్త నా కారులో, నేను నడుపుతుంటే, నా పక్క సీట్లో కూర్చుని అహోబిలం పోవాలి. నాకు కావలసింది అంతే.

కారు వచ్చిన మర్నాడే దాని మీద తెల్లగా దుమ్ము పేరుకుంది. మెత్తటి పాత చీర ముక్క తీసుకుని పొడిపొడిగానే గట్టిగా తుడిచాను. ఇన్నేళ్లు ఇల్లు తుడిచిన చేతులకు ఇదొక లెక్కా అనుకున్నాను. ఎండ పడ్డాక చూద్దును కదా, బానెట్ నిండా సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు. సిమెంటు దుమ్మును పొడిగుడ్డతో రుద్దడమంటే గరుకు కాగితంతో రుద్దడమేనని అప్పుడు తెలిసింది. ఆ పూట వంట చేయలేదు.

కడపలో కార్ల సామాను అమ్మే అంగడికి పోయాను. అంగడాయన నా ఫోన్లో ఫొటోలు చూశాడు.

"ఏమ్మా, ముందు నీళ్లు పొయ్యల్ల. దుమ్మంతా కారిపోయినాక గుడ్డ పెట్టల్ల. మీరు తలకిందులు చేసినారు."

గీతలు పోవడానికి ఒక పాలిష్ సీసా, దాని మీద పూయడానికి ఒక వాక్స్ డబ్బా ఇచ్చాడు. నీడలో పూయమని కూడా చెప్పాడు కానీ ఆ మాట నా చెవికెక్కలేదు. ఆదివారం నడిమధ్యాహ్నం, కారు పెనంలా కాలుతుంటే, వాక్సును దోసెపిండంత మందంగా పట్టించాను. రెండో తలుపు దగ్గరికి పోయేలోపే మొదటిది ఎండి తెల్లగా బిగుసుకుపోయింది.

"కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయిందే" అని మా ఆయన నవ్వాడు.

"నవ్వు, బాగా నవ్వు. నీ తమ్ముడి పెండ్లాం కారైతే ఇట్లే నవ్వుతావా?" అన్నాను. ఆయన లోపలికి పోయాడు.

ఆ తర్వాత మూడు వారాలు సూర్యుడికన్నా ముందు లేచాను. బిగుసుకున్న వాక్సు మీద మళ్లీ కొంచెం వాక్సే రాసి తుడిస్తే ఊడుతుందని ఫోన్లో చూసి నేర్చుకున్నాను. రోజుకొక తలుపు. ముందు బకెట్లతో నీళ్లు, తర్వాత పాలిష్, ఆ తర్వాత వేలికి అంటీ అంటనట్టు పలుచగా వాక్సు. అది మసకబారాక మెత్తటి గుడ్డతో తుడవడం. మొదటి తలుపులో నా మొహం, చెంప మీది పుట్టుమచ్చతో సహా కనిపించింది. చెప్పొద్దూ, అప్పుడు నాకు గుర్తొచ్చింది దేవుడు కాదు, మా తోటికోడలు. ఇది చూసి అది ఏడవాలి అనుకున్నాను.

ఇక ఆ కారును ఎవర్నీ తాకనీయలేదు. ఒకరోజు అత్త కొళాయి దగ్గరికి పోతూ పోతూ ఆసరాకు తలుపు మీద చెయ్యి వేసింది. ఐదు వేళ్లూ అచ్చు పడ్డాయి.

"అత్తా, చెయ్యి తియ్యి!" అని అరిచాను. తీసేసింది.

శుక్రవారం పసుపు కుంకుమ పళ్లెంతో వచ్చి, "కొత్త బండి కదమ్మా, బొట్టు పెడతా" అంది.

"బానెట్ మీద వద్దు, వాక్సు పోతాది. టైరుకు పెట్టు."

ఆ మోకాళ్లతోనే వంగింది. తలుపు పట్టుకోకుండా వంగడానికి శానాసేపు పట్టింది. పసుపు కారు రంగుకు అంటకుండా చూడటానికి నేను పక్కనే నిలబడ్డాను.

అహోబిలం పోయే రోజు మరిదివాళ్లు కడప నుంచి పొద్దున్నే వచ్చారు. వాళ్ల కారు నిండా దుమ్ము, బానెట్ మీద ఎప్పటిదో వెలిసిపోయిన పసుపు. నాకు ఎంత హాయిగా ఉందో. తోటికోడలు దిగి నా కారు చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"అక్కా, అద్దం మాదిరి ఉండాదే. దీని పక్కన మా కారు నిలబెట్టాలంటే సిగ్గేస్తాంది. ఎట్ల చేసినావు?"

దాని కళ్లలో కుళ్లు నాకు తెలీదా? ఆ కుళ్లుతో బతికినదాన్ని. జవాబు అత్త కూడా వినాలని వెనక్కి తిరిగాను. అత్త వాళ్ల కారు తలుపును రెండు చేతులా పట్టుకుని ఎక్కుతోంది.

"ఈడికి రా అత్తా. ముందు సీటు నీకే" అన్నాను.

"వద్దులేమ్మా. నీ కారు శానా బాగుండాది. చెయ్యి యాడ పెట్టల్లో, కాలు యాడ పెట్టల్లో నాకు తెలీదు. దీంట్లో అయితే నాకు భయం ల్యాదు" అంది. కోపంగా అనలేదు. చీర కుచ్చిళ్లు సర్దుకుని హాయిగా కాళ్లు చాపుకుంది.

దారి పొడుగునా వాళ్ల వెనకే నడిపాను. ఆళ్లగడ్డలో టీకి ఆగినప్పుడు అత్త కారు మారుతుందేమోనని ముందు సీటు ఖాళీగా ఉంచి, మా ఆయన్ను ఎర్రగుంట్లలోనే వెనక సీట్లో కూర్చోబెట్టాను. అత్త టీ తాగింది, గ్లాసు ఇచ్చేసింది, మళ్లీ వాళ్ల కారే ఎక్కింది.