అడ్డం పడ్డ బావి

ఆ కాలంలో ఏదైనా వెతకాలంటే ముందు వంగాలి. హనుమకొండలో నేను కొత్తగా పనికి కుదిరిన కాలేజీ కంప్యూటర్ గదిలో ఫ్లాపీలన్నీ టేబుల్ కింద, పాత చెప్పుల డబ్బాల్లో ఉండేవి. (చెప్పులు మాత్రం గది బయటే. లోపల కంప్యూటరూ ఏసీ ఉన్నాయి కనుక గుళ్లోకి వెళ్లినట్టే వెళ్లేవాళ్లం.) ఎక్కడెక్కడి దేశాల్లోనో ఎవరెవరో ప్రోగ్రాములు రాసి, వాటి లోపలి రాతను, అంటే సోర్స్ కోడ్‌ను కూడా దాచుకోకుండా, చూసుకోండి, మార్చుకోండి, నలుగురికీ పంచండి అని వదిలేసేవారు. అవి చేతులు మారి, హైదరాబాదులో చదివే స్నేహితుల సంచుల్లో రైలెక్కి, కాజీపేటలో దిగి మా డబ్బాల్లో పడేవి. ఒక్కో ఫ్లాపీలో ప్రోగ్రాముతో పాటు ‘ముందు నన్ను చదవండి’ అని బతిమాలే ఫైలు ఒకటి ఉండేది. దాన్ని నేను ముందూ చదవలేదు, తర్వాతా చదవలేదు. మా నాన్న వరంగల్ బజారులోని తన కిరాణా దుకాణంలో ఏ సరుకు ఏ డబ్బాలో ఉందో కళ్లు మూసుకుని చెప్పేవాడు. ఆ గుణం నాకూ వచ్చిందని నా నమ్మకం. ఆ నమ్మకం మాత్రం ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

మా కాలేజీలోనే పరిశోధన చేసే ఒకామెను అందరం బావుల అక్క అనేవాళ్లం. నర్సంపేట దగ్గరి రైతుల ఇంటి పిల్ల. చుట్టుపక్కల ఊళ్ల బావుల్లోకి తాడు వదిలి, ఏ నెలలో నీళ్లు ఎంత లోతుకు పోయాయో కొలుచుకొచ్చేది. థీసిస్ టైపు అయిపోయింది, గ్రాఫులే మిగిలాయి. చేత్తో గీసినవి ఆమె గైడు సారుకు నచ్చలేదు. కాలేజీలో కంప్యూటరు పెట్టుకుని చేత్తో గీయడమేమిటని ఆయన పట్టుదల. ఆ సారు సోమవారం విదేశం పోతున్నాడు, ఏడాది దాకా రాడు. ఆలోపు సంతకం పడకపోతే, ఇక చదివింది చాలు, ఇంటికి రమ్మని అమ్మానాన్నలు అంటారని అక్క భయం. శుక్రవారం మధ్యాహ్నం వచ్చి, మన డబ్బాల్లో గ్రాఫులు గీసే ప్రోగ్రాం ఏదైనా ఉందా అని అడిగింది.

“ఫికర్ జేయకక్కా. దేవులాడే ప్రోగ్రాం నేనే రాసిన,” అన్నాను. అది అబద్ధం కాదు. ఒక మాట ఇస్తే, ఫ్లాపీలోని ఫైళ్లన్నీ గాలించి ఆ మాట ఎక్కడుందో చూపించే చిన్న ప్రోగ్రాం అది. గ్రాఫ్ అనే మాట ఇచ్చి మొదటి ఫ్లాపీ పెట్టాను. ఉంది. రెండోది పెట్టాను. ఉంది. డబ్బా మొత్తం అయ్యేసరికి, గ్రాఫ్ లేని ఫ్లాపీ ఒక్కటీ లేదని తేలింది. ప్రపంచమంతా గ్రాఫులు గీసే పనిలోనే ఉందని నేను ఆశ్చర్యపోయాను. అక్క సంతోషం పట్టలేక కింద బండి మీంచి మిర్చి బజ్జీలు తెచ్చింది. చెప్పుల పక్కన నిలబడి తిని, చేతులు కడుక్కుని లోపలికి వచ్చాం.

మొదటి ఫ్లాపీలో ఆ మాటున్న ఫైలు తెరిస్తే వచ్చీరాని ఇంగ్లీషులో ఒకే వాక్యం: ఇందులో గ్రాఫ్ గీసేది ఉందేమో, తర్వాత చూడాలి. రెండో దాంట్లో అదే వాక్యం. మూడో దాంట్లో అదే. నాకు తల తిరిగింది. ఇన్ని దేశాల వాళ్లు ఒకే మాట ఎలా రాశారు? “ఈ రాసినాయన ఎవలో గని జర బద్ధకపోడు,” అంది అక్క. అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఏడు ఎండాకాలం, పనిలో చేరిన కొత్తలో డబ్బాలు సర్దుదామనే సద్బుద్ధి పుట్టి, ప్రతి ఫ్లాపీలోనూ నా కోసం నేనే ఆ చీటీ రాసి పెట్టుకున్నాను. సర్దడం అక్కడితో ఆగింది. గొంతు తగ్గించి సంగతి చెప్పాను.

అక్క నా వైపు తిరిగింది. “అంటే ఇంతసేపు నిన్ను నువ్వే దేవులాడుకుంటానవా, తమ్మీ?”

నా చీటీలన్నీ చెరిపేసి మళ్లీ వెతికితే, ఒకే ఒక్క ఫ్లాపీలో నిజంగా గ్రాఫ్ గీసే ప్రోగ్రాం దొరికింది. నడిపిస్తే తెర మీద ఒక ప్రశ్నార్థకం వచ్చి నిలబడింది. దానికేం కావాలో చెప్పే ఆ ‘ముందు నన్ను చదవండి’ ఫైలు లేదు. అదెక్కడికి పోయిందో నాకు తెలుసు. చీటీ రాసేటప్పుడు ఆ ఫ్లాపీలో జాగా చాలలేదు. ప్రోగ్రాం కాదు కదా, ఊరికే కథ అనుకుని, ఉన్నవాటిలో పెద్ద ఫైలును నేనే చెరిపేశాను. ఇది చెప్పడానికి మిర్చి బజ్జీలు తినడానికి పట్టినంతసేపు పట్టింది. అక్క తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

“లోపలి రాత అచ్చు కొట్టు. నీళ్లు ఏ మడి నుంచి ఏ మడికి పోతానయో చూసుకుంట పోదాం,” అంది.

శనివారమంతా సోర్స్ కోడ్ కాయితాలు నేల మీద పరిచి, వాటి వెంట ఇద్దరం మోకాళ్ల మీద పాకాం. ఆమె కోడ్‌లో ఒక కాలువ పట్టుకుని పోయి గమ్యం చేరేది. నేను అదే కాలువ పట్టుకుని బయల్దేరిన చోటికే వచ్చేవాణ్ణి. సాయంత్రానికి అంకెలు ఎలా ఇవ్వాలో తేలింది, గ్రాఫు వచ్చింది. కానీ పక్కకు ఒరిగి వచ్చింది. కాయితం తిప్పి గ్రాఫును నిలబెడితే అక్షరాలు పడుకునేవి. అక్షరాలు నిలబెడితే బావులు పడుకునేవి. ఎందుకిలా అని మళ్లీ కాయితాల్లో వెతికితే, చివరి కాయితంలో, ఊరూ పేరూ లేని ఆ రాసినాయన మాట కనిపించింది: ఇది అడ్డంగా ఎందుకు వస్తోందో నాకూ తెలియదు, తెలిసినవాళ్లు సరిచేయండి.

గ్రాఫులను అలాగే థీసిస్‌లో పెట్టి ఆదివారం గైడు సారు ఇంటికి పోయాం. నేను వరండాలో, గుమ్మం అవతలే నిలబడ్డాను. ఆయన థీసిస్ తిప్పాడు, తల తిప్పాడు, మళ్లీ థీసిస్ తిప్పాడు. “ఇదేందమ్మా, బాయి అడ్డం పడ్డది?”

“నీళ్లు లేక సొమ్మసిల్లింది సార్,” అంది అక్క.

ఆయన నవ్వడానికి కొంచెం సమయం తీసుకున్నాడు. ఆ కొంచెంలో నేను చాలా మొక్కులు మొక్కాను. సంతకం పడింది.

తర్వాత ఆ ఫ్లాపీని ఇంకొకరికి పంచే ముందు, సోర్స్ కోడ్‌లో ఆ రాసినాయన మాట కింద ఒక వాక్యం చేర్చాను: వరంగల్‌లో మాకూ తెలియదు, కానీ పని జరిగింది. ఇప్పుడు లోకంలోని ప్రోగ్రాములన్నీ వంగకుండా, కూర్చున్న చోటి నుంచే వెతకొచ్చు. ఒకసారి ఆ వాక్యం ఎక్కడైనా మిగిలిందేమోనని వెతికాను. అడ్డంగా గీసేవి బోలెడు కనిపించాయి, అది మాత్రం లేదు. ఏ ఊళ్లోనో నాలాంటి కుర్రవాడొకడు జాగా చాలక చెరిపేసి ఉంటాడు. వాడి మీద కోపం తెచ్చుకుందామని చూశాను గానీ, నవ్వే వచ్చింది.