స్క్రూల మీది ఎర్ర పొర

1994 ఆషాఢంలో, ఊరి పేరు ఇంకా మద్రాసుగా ఉన్నప్పుడు, వ్యాసర్పాడిలో పాత కార్లు బాగుచేసే ఒక షెడ్డులో నేను అద్దాల ఫిట్టరుగా ఉన్నాను. మా ఆయన పోయాక ఆయన చేసిన పనే నాకు ఇచ్చారు. నేను చదివింది మూడో తరగతి వరకే. షెడ్డులో ఓనరు ముతలాళి, ఆయన తర్వాత ఫోర్‌మన్, ఆయన కింద ఫిట్టర్లు, వాళ్ల కింద హెల్పర్లు. ఫోర్‌మన్ పరశురామన్ నాకంటే చిన్నవాడు. అక్కా అని పిలిచేవాడు గానీ, పని దగ్గర ఆర్డరు ఆర్డరే.

ఆ నెలలో మా దగ్గరికి ఒక పాత విలాయతి కారు వచ్చింది. పప్పుల హోల్‌సేల్ వ్యాపారం చేసే రంగయ్య శెట్టిది. ఆ కాలపు కార్లకు ముందు అద్దం ఒకటే పలకగా ఉండదు, మధ్యలో కమ్మీతో రెండు పలకలుంటాయి. ఒక్కో పలకకు నికెల్ పూత పూసిన ఇత్తడి చట్రం, పైన మడత బందు. కింద నాబ్ తిప్పి అద్దాన్ని బయటికి నెడితే గాలి నేరుగా మొహానికి తగులుతుంది. ఈ కారులో రెండు పలకలూ బిగుసుకుపోయాయి. రబ్బరు ఎండి రాయిలాగా అయింది. చట్రం విప్పి అద్దాలు బయటికి తీస్తే గానీ కొత్త రబ్బరు వేయలేము.

శెట్టి గట్టిగా చెప్పిన మాట ఒకటే. ఎడమ పలక మూలన వాళ్ల నాయన చెక్కించుకున్న అంగడి గుర్తు ఉంది, చిన్న త్రాసు బొమ్మ. ఆ అద్దం పగలకూడదు. ఆయుధ పూజనాడు వాళ్లమ్మ ఆదిలక్ష్మమ్మ ఆ పలక వెనకాల, మొగుడు కూర్చున్న చోటే, అద్దం తెరుచుకుని కూర్చోవాలని ఆశపడుతోంది. పగిలిందంటే కారెక్కనని కొడుకుతో ముందే చెప్పేసింది.

చట్రం మూలల్లో ఉన్న స్క్రూలు ఒక్కటీ కదలలేదు. తలల మీద గట్టి ఎర్ర పొర ఉంది. ఇత్తడికి ఎర్ర తుప్పు పట్టదు. మధ్యలో ఎవరో ఇనప స్క్రూలు వేశారని పరశురామన్ తీర్మానించాడు, నాకూ అదే నిజమనిపించింది. కిరసనాయిలులో గేరు ఆయిలు కలిపి రోజూ చుక్కచుక్కగా పోశాను. కొయ్య సుత్తితో మెల్లగా తట్టాను. అద్దం పక్కనే ఉంది కాబట్టి మంట పెట్టేదానికి లేదు. స్క్రూడ్రైవరు బలంగా తిప్పితే గాడి చెడిపోతుంది, గాడి చెడితే ఇక పట్టు దొరకదు. రేకుల షెడ్డు వేడికి, మనలి ఫ్యాక్టరీల వైపు నుంచి వచ్చే కంపుకి తల నొప్పిగా ఉండేది. భుజాలు లాగేసేవి. శ్రావణం దాటింది, నూనె అయిపోతోంది, పని మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. వృథా అంటే నాకు ఒళ్లు మంట. ఆ నూనె డబ్బా చూసినప్పుడల్లా మనసు చికాకు పడేది.

చివరికి స్క్రూల తలలు డ్రిల్లు పెట్టి తీసేయమని పరశురామన్ ఆర్డరు వేశాడు. డ్రిల్లు అదురుకు అంత పాత అద్దం నిలవదని నేనన్నాను. నిలవకపోతే శెట్టికి తను చెప్పుకుంటానన్నాడు. అతనికీ వేరే దారి లేదు. డ్రిల్లుకు పట్టు కోసం పైపొర గీకుతూ ఉన్నాను. అప్పుడే ఆదిలక్ష్మమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని పని చూసేదానికి వచ్చింది. నా చేతిలో ఉలి చూసి నిలబడిపోయింది.

"ఏమ్మే, నా బొట్టెందుకు గీకతా ఉండావు?"

తుప్పు గీకుతున్నానని చెప్పాను.

"తుప్పంట తుప్పు. అది నేను పెట్టిన కుంకం. ఏటేటా ఆయుధ పూజకి ప్రతి స్క్రూకీ పెడతాను. ఉత్త కుంకం పెడితే వీధి మలుపు తిరక్కముందే గాలికి పోతా ఉండె. అందుకని తుమ్మ జిగురు నీళ్లలో కలిపి పెట్టినాను. ఇప్పుడు చూడు, ఎట్లా పట్టుకోనుండాదో."

శెట్టి తల వంచుకున్నాడు. పరశురామన్ డ్రిల్లు కింద పెట్టి, "ఇన్నాళ్లూ మనం నూనెతో అభిషేకం చేస్తా ఉండినామక్కా" అన్నాడు.

తుమ్మ జిగురు నూనెకు లొంగదు, నీళ్లకే కరుగుతుంది. ఏటేటా ఆ పలచని ముద్ద స్క్రూ తల చుట్టూ దిగి, మరలోకి జారి, గట్టిపడింది. ముందు సబ్బుతో నూనె తుడిచేశాను. పాత చీర గుడ్డ చించి, గోరువెచ్చటి నీళ్లలో తడిపి, అద్దానికి తగలకుండా స్క్రూల మీద వేశాను. మరీ వేడి నీళ్లయితే అద్దం చిట్లుతుంది. గుడ్డ ఆరినప్పుడల్లా మార్చుతూ వచ్చాను. మర్నాటికి పొర మెత్తబడి ఎర్రగా జారింది. కింద ఉన్నవి ఇత్తడి స్క్రూలే. ఒక్కొక్కటే తిరిగాయి. అద్దం కదిలినప్పుడు పరశురామన్, నేను చెరో పక్క పట్టుకుని బల్ల మీద పడుకోబెట్టాము. త్రాసు బొమ్మకు గీత కూడా పడలేదు.

ఎడమ మడత బందులోని మేకు మాత్రం నిజంగానే తుప్పు పట్టింది. దాన్ని ఉత్త చట్రంలోనే డ్రిల్లు చేసి తీశాము. అద్దం బయట ఉంది కాబట్టి భయం లేదు.

ఆయుధ పూజనాడు కారు షెడ్డు గేటు ముందు నిలిచింది. ఆదిలక్ష్మమ్మ ముందు సీట్లో కూర్చుని ఉంది, అద్దం బయటికి తెరిచి ఉంది, ఒళ్లో కుంకుమ గిన్నె. బొట్టు ఈసారి అద్దానికి పెట్టుకోమని చెప్పాను.

"పట్టుకోని ఉండేది స్క్రూ గదమ్మే. పని చేసేదాన్ని ఇడిచిపెట్టి అద్దానికి పెడితే అది ఆయుధ పూజ ఎట్లా అయితాది?"

స్క్రూలకే పెట్టుకోమన్నాను, జిగురు మాత్రం వద్దన్నాను. గాలికి పోతే పోనీ అంది, ఈసారి తను కారెక్కిందే ఆ గాలి కోసం కదా అని కూడా అంది.

ఆ తర్వాత పని మానేసేదాకా ఏ పాత బండి వచ్చినా ముందు తడి వేలితో స్క్రూ తల రుద్ది చూసేదాన్ని. రంగు వేలికి అంటితే, పూజకు ఏం పెడతారని ఆ ఇంటి ఆడవాళ్లను అడిగేదాన్ని. నూనె డబ్బా తీసేది ఆ తర్వాతే.