మూడు బీడీలు తక్కువైన కట్ట

2023 చలికాలం. సోలాపూర్ నీలం నగర్‌లో మా అమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని, మా గల్లీ ఆడవాళ్లందరినీ ఒంటి మీది బంగారం తీసి ఇంట్లో పెట్టి రమ్మని బతిమాలుతున్నాను. ఇదేం పని అనుకునేరు, నా ఉద్యోగంలో ఇదీ ఒక భాగమే. నేను ట్రెక్ లీడర్‌ని. కొండలెక్కాలని సరదాపడే వాళ్లను సహ్యాద్రి కోటల మీదికి నడిపించుకుపోయి, ఒక రాత్రి గుడారాల్లో ఉంచి, మర్నాడు ఎవరి ఇంటికి వాళ్లను క్షేమంగా చేర్చడం నా పని. కలిసిన వాళ్లంతా పాముల గురించీ జారిపడటం గురించీ అడుగుతారు గానీ దొంగల గురించి అడగరు. నాకు మాత్రం పాము కంటే మనిషంటేనే భయం. పాము గొలుసు తీసి ఇమ్మనదు.

అప్పటికి చాలా ఏళ్లుగా పుణె నుంచి వచ్చే ఆఫీసు పిల్లలను తిప్పాను గానీ మా వాళ్లనెప్పుడూ తీసుకుపోలేదు. మా గల్లీలో మగవాళ్లు చద్దర్లు, టవల్స్ నేస్తారు, ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని బీడీలు చుడతారు. ఒకరోజు నా ఫోన్‌లో కోట మీద సూర్యోదయం ఫోటో చూసి మా పక్కింటి కోడలు పద్మ, "మాకు కాళ్లు లేవా, మమ్ముల ఎందుకు తీస్కపోవు?" అని నిలదీసింది. ఆ మాటకు నాకు నిజంగా సిగ్గేసింది, సంతోషమూ వేసింది. వారం తిరిగేసరికి గల్లీలో ఆడవాళ్లంతా తయారయ్యారు. ఇళ్లలో మగవాళ్లు ఒప్పుకున్నారు గానీ ఒక మాట అన్నారు. ఏదన్నా పోగొట్టుకుని వస్తే మాత్రం ఇక ఎవరూ గడప దాటేది లేదట.

అందుకే ఈ బంగారం గొడవ. పుస్తెలు తీయమంటే ఎవరూ ఒప్పుకోరని నాకు తెలుసు. మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. ఇబ్బందొచ్చి పుస్తెలు అమ్ముకోవలసి వచ్చినప్పుడు మెడ బోసిగా ఉండకుండా పసుపు తాడుకు పసుపు కొమ్ము కట్టుకుంటారు. ఈ రెండు రోజులూ అలా కట్టుకోండి, ఏ దొంగా పసుపు కొమ్ము కోసం కొండెక్కడు అన్నాను. అందరూ నవ్వి సరే అన్నారు, నర్సవ్వ పెద్దమ్మ తప్ప.

నర్సవ్వ మా అమ్మకు ఈడు. ఆమె పెనిమిటి మగ్గం మూతపడ్డప్పుడు పుస్తెలు అమ్మి, పిల్లలు పెద్దయ్యేదాకా పసుపు కొమ్ముతోనే తిరిగింది. తర్వాత బీడీలు చుట్టి చుట్టి తన కష్టంతోనే మళ్లీ చేయించుకుంది. "ఆ కొమ్ము నేను కట్టినన్ని దినాలు ఈ గల్లీల ఎవ్వరు కట్టలే బిడ్డా. మల్ల కట్టనని ఒట్టు పెట్టుకున్న," అంది. ఆమె రాదనే అనుకున్నాను.

తీరా బయలుదేరే పొద్దున సంచితో వచ్చిన నర్సవ్వ మెడలో పసుపు కొమ్ము! కొండ చూడాలన్న సరదా ఒట్టును గెలిచింది. ఆ ఆనందంలో బంగారం ఎక్కడ పెట్టావని నేను అడగలేదు. ఇంట్లోనే పెట్టి ఉంటుందిలే అనుకున్నాను.

బస్సెక్కే ముందు బ్యాగ్ చెక్ చేస్తాం. అంటే ఎవరి సంచి వాళ్లు విప్పి చూపించాలి, అక్కర్లేని బరువు తీసేయాలి. నర్సవ్వ సంచిలో స్వెటర్ లేదు, టార్చ్ లేదు. తునికాకు, తంబాకు డబ్బా, దారం, కత్తెర, చుట్టి కట్టిన రెండు బీడీ కట్టలు మాత్రం ఉన్నాయి. ఇవెందుకంటే చేతులు ఊరికే ఉంటాయా అని నన్నే ఎదురడిగింది. తంబాకు తియ్యమంటే ఆమెను తియ్యమన్నట్టే. మా అమ్మ స్వెటర్ ఒకటి తెచ్చి కుక్కి, సరే పదమన్నాను.

మధ్యాహ్నానికి బేస్ విలేజ్ చేరాం. కొండ కింద, నడక మొదలయ్యే ఊరిని అలా అంటాం. టీ హోటల్ ముందు ఒక మోపెడ్, దాని వెనక తాళ్లతో కట్టిన చద్దర్ల మూట. బెంచీ మీద టీ తాగుతున్న మనిషి మా వాళ్ల మాటలు విని గ్లాసు కింద పెట్టేశాడు.

"మీరు నీలం నగరోళ్లా ఏంది?"

ఇక చూడాలి. ఊరు కాని ఊళ్లో తెలుగు వినబడితే మా వాళ్లకు దేవుడు కనబడ్డట్టే. ఇంటిపేరు అడిగారు, అత్తగారి ఇంటిపేరు అడిగారు, ఎవరి మగ్గం పక్కన ఎవరి మగ్గమో తేల్చుకున్నారు. అతని పేరు రాజేశం. ఊరూరా తిరిగి సోలాపూర్ చద్దర్లు అమ్ముకుంటాడు. టీ ఇంకా సగం గ్లాసు ఉండగానే అతను అందరికీ అన్న అయిపోయాడు. పద్మ ఆ అన్నకు మేమంతా ఆడవాళ్లమేనని, వెంట మగవాళ్లెవరూ లేరని, కొండ మీద నీళ్ల టాకీ, అదే రాతి తొట్టి, పక్కన గుడారాలేసుకుని పడుకుంటామని, పొద్దున ఎప్పుడు దిగుతామో కూడా పూసగుచ్చినట్టు చెప్పేసింది. అది చాలదని పక్కనున్న నర్సవ్వ సంచిలోంచి ఒక బీడీ కట్ట తీసి, అన్నను ఉత్త చేతులతో ఎట్లా పంపుతామంటూ చేతిలో పెట్టింది. నర్సవ్వ అప్పుడు కొళాయి దగ్గర మొహం కడుక్కుంటోంది.

నాకు ఒళ్లు మండింది. నేను నేర్చుకున్న మొదటి పాఠం, ఎక్కడ పడుకుంటామో దారిలో కలిసినవాళ్లకు చెప్పకూడదు. రాజేశం మంచివాడే కావచ్చు. అతను ఇంకో హోటల్లో ఇంకొకరికి కబురుగా చెబితే? అంతకు ముందు ఏడాది, వేరే కొండ మీద, సాయంత్రం పొద్దు చూడ్డానికి పోయిన ఒక గుంపు తిరిగొచ్చేసరికి గుడారాలు ఖాళీ అయ్యాయి. అందుకని ఎప్పుడూ ఒక బ్యాకప్ సైట్ చూసిపెట్టుకుంటాం. మొదటి చోటు మీద అనుమానమొస్తే మారడానికి రెండో చోటన్నమాట. ఈ కొండకు నా బ్యాకప్ సైట్ అవతలి వైపు వాలులో, గొర్రెలు కాసే ఒక కుటుంబం ఇంటి వాకిలి. అక్కడ మనుషులుంటారు, కుక్కలుంటాయి. ఫోన్‌కు సిగ్నల్ ఒక్కటే ఉండదు.

చోటు మార్చినప్పుడు నమ్మకమైన ఒక్కరికి చెప్పి పోవాలి. ఆ ఒక్కరు ఊరి పోలీస్ పాటిల్. ఊళ్లో ఏం జరిగినా ఠాణాకు కబురు చేసే పెద్దమనిషి. మేమెక్కడుంటామో చెప్పి, ఎవరడిగినా చెప్పొద్దన్నాను. ఆయన మీసం మీద చెయ్యేసి, "కుణాలాహీ సాంగణార్ నాహీ," అన్నాడు. ఎవ్వరికీ చెప్పను అని. ఆ మాట ఎంత గట్టిదో మర్నాడు తెలిసింది.

ఆ సాయంత్రం నా ఉద్యోగంలోనే అన్నిటికన్నా హాయైన సాయంత్రం. గొర్రెలు కాసే ఇంటి కోడలూ మా వాళ్లూ కలిసి జొన్న రొట్టెలు కొట్టారు. ఆమెకు తెలుగు రాదు, నర్సవ్వకు కొండ మరాఠీ అర్థం కాదు, అయినా అత్తల మీద చెప్పుకోవలసినవన్నీ చెప్పుకున్నారు. పొద్దు గుంకుతుంటే పద్మ కొంగు నడుముకు చుట్టి ఆట మొదలుపెట్టింది, కుక్కలు కూడా అరవడం మానేసి చూశాయి. ఎన్నడూ గల్లీ దాటని మనుషులు అలా నవ్వుతుంటే నాకు కడుపు నిండిపోయింది.

తెల్లారి సూర్యుడు కొండ మీదికి వచ్చాడు. నర్సవ్వ స్నానం చేసి, తూర్పు తిరిగి దండం పెట్టుకుని, సంచి ముందేసుకుని కూర్చుంది. మిగిలిన ఒక్క బీడీ కట్ట తీసి దారం విప్పింది. బీడీలు ఒళ్లో పోసుకుని వెతికింది. తర్వాత సంచంతా బోర్లించింది.

"నా ఇంకో కట్టేది?"

అప్పుడు బయటపడింది, పుస్తెలు ఇంట్లో లేవని. ఇంట్లో ఉంచడానికి మనసొప్పక, కట్ట నడిమి బీడీలు మూడు తీసి, ఆ సందులో గుడ్డముక్కలో చుట్టి దాచుకుంది. ఏ దొంగ సంచి లాక్కున్నా బీడీ కట్టను పారేస్తాడు గానీ పట్టుకుపోడు కదా అని. నిజం చెప్పాలంటే అంత మంచి ఆలోచన నాకు ఎప్పుడూ రాలేదు. ఎవరికీ చెప్పకపోవడం ఒక్కటే అందులో లోపం. పద్మ మొహం తెల్లబోయింది. "నేనే ఇచ్చిన అత్తా, ఆ చద్దర్ల అన్నకు," అంది.

కొండ దిగడం మొదలుపెట్టాం. పద్మ ఏడుస్తూ నడుస్తోంది. నర్సవ్వ ఆమె చెయ్యి పట్టుకునే ఉంది. నాకైతే దారంతా ఒకటే ఆలోచన. చద్దర్లు అమ్మేవాడు ఒక ఊళ్లో రెండో రోజు ఉండడు. మోపెడ్ ఎటు పోయిందో ఎవరిని అడగను? ఒక్కసారి మాత్రం నర్సవ్వ మెడలోని కొమ్మును తడుముకుని, "మల్ల నీతోనేనా," అని దానితోనే అన్నట్టు అంది. అది విని నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పుస్తెలతో పాటు మా వాళ్ల కొండ సరదా కూడా పోయినట్టే అనుకున్నాను.

ఠాణాకు ఫోన్ చేయించాలని పోలీస్ పాటిల్ ఇంటికి పరుగెత్తాం. వాకిట్లో మోపెడ్ ఉంది. అరుగు మీద రాజేశం, తన సరుకులోని చద్దర్ ఒకటి తానే కప్పుకుని, టీ తాగుతున్నాడు. పక్కన కర్ర పట్టుకుని పాటిల్. నన్ను చూడగానే పాటిల్ గర్వంగా లేచాడు. నిన్న సాయంత్రం వీడు మిమ్మల్ని వెతుకుతూ టాకీ దాకా ఎక్కి దిగాడట. ఎక్కడున్నారని తననడిగితే చెప్పలేదట. ఎందుకని తానడిగితే వీడూ చెప్పలేదట. అనుమానమొచ్చి ఇక్కడే పడుకోబెట్టానని మరాఠీలో ఏకబిగిన చెప్పాడు.

రాజేశం పాపం ఆయన వంక చూడకుండా నాతో తెలుగులో గొణిగాడు. "బీడీ తాగుదమని కట్ట విప్పిన, సామాను బయటవడ్డది. ఊరు గాని ఊర్ల ఆడోళ్ల బంగారం నా తాన ఉన్నదని ఎవలికి చెప్త మేడమ్? మీరా జాగల లేరు. నాకు పాణం పోయినట్టయింది."

అప్పుడు కూడా వెంటనే తీసి ఇవ్వలేదు. గురుతేందో చెప్పమని నర్సవ్వనడిగాడు.

"ఒక పుస్తె అంచుకు గాటున్నది. నా మనుమరాలు పండ్లొచ్చేటప్పుడు కొరికింది."

లోపలి జేబులోంచి గుడ్డముక్క బయటికొచ్చింది. గాటు ఉంది. మేమంతా ఒక్కసారి ఏడ్చాం, వెంటనే నవ్వాం. సంగతి తెలిసిన పాటిల్ కర్ర గోడకు ఆనించి, రాత్రంతా తాను కాపలా కాసిన మనిషినే కౌగలించుకున్నాడు. పాటిల్ భార్య పసుపు కుంకుమల పళ్లెం తెచ్చి నర్సవ్వకు బొట్టు పెట్టింది, మా వాళ్లు పుస్తెలు తాడుకు గుచ్చారు, ఆ పైన పాటిల్ భార్యే రాజేశం దగ్గర రెండు చద్దర్లు కొంది.

నేను క్షమించమంటే రాజేశం తల గోక్కున్నాడు. "తెలుగు మాట్లాడినోన్ని నమ్మొద్దా మేడమ్?" అన్నాడు.

"నమ్మాలె అన్నా. కానీ ఏడ పండుకుంటమో మాత్రం చెప్పొద్దు," అన్నాను. అతను ఒప్పుకున్నాడు. తనకు ఆడపిల్లలున్నారని, వాళ్లకూ అదే చెబుతానని అన్నాడు. పోతూ పోతూ, కట్టలో మాత్రం మూడు బీడీలు తక్కువొచ్చాయని నవ్వాడు.

ఆ మాటతో నర్సవ్వ ఆగిపోయింది. ఇన్నేళ్లలో బీడీ కార్ఖానాకు ఒక్క కట్ట కూడా తక్కువ ఇచ్చిన మనిషి కాదు. బస్సు వచ్చి హారన్ కొడుతోంది, డ్రైవర్ కేకలేస్తున్నాడు. ఆమె అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఆకు కత్తిరించింది, తంబాకు పోసింది, చుట్టింది. మెడలో పుస్తెలు ఊగుతుంటే మూడు బీడీలూ దారంతో కట్టి రాజేశం చేతిలో పెట్టింది. తర్వాత నా వైపు తిరిగి అంది:

"దాసిపెట్టుడు తెలిస్తె సాలదు బిడ్డా. ఏడ దాసినమో పక్కనోళ్లకు ఒక్కలకన్న చెప్పాలె. నువ్వు కొండెక్కిచ్చే పిల్లలకు ఇది చెప్పు."

అప్పటి నుంచి ప్రతి బ్యాగ్ చెక్‌లో చెబుతున్నాను. ఎక్కడ పడుకుంటారో దారిలో ఎవరికీ చెప్పొద్దు, ఏది ఎక్కడ దాచారో మీ పక్కనున్న ఒక్కరికి చెప్పండి అని. మా గల్లీ వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు ఆ మాట చెప్పే పని నాకు లేకుండా పోయింది. నర్సవ్వే పసుపు కొమ్ము కట్టుకుని ముందు నిలబడి, పుస్తెలు ఇంట్లో ఎక్కడ దాచిందో పద్మ చెవిలో చెప్పింది.