దారం లేని కుట్టు

టైలరమ్మకు ఓర్పు ఎక్కువ అనుకునేవాళ్ళు ఆమె దగ్గర ఒక్కరోజు కూడా పనిచేసి ఉండరు. భుజం దగ్గర కుట్టు నూలుపోగంత పక్కకు జరిగినా విప్పించేది, మళ్ళీ కుట్టించేది. మూడోసారి కూడా తప్పితే "నీకిది రాదు గానీ, పోయి గుండీలు కుట్టుకో" అని గుడ్డ లాక్కునేది. ఆ నోటికి జడిసి పారిపోయినవాళ్ళు కొందరుంటే, ఆ చేతిపని నేర్చుకుని బాగుపడ్డవాళ్ళు అంతకు రెట్టింపు. అలాంటి మనిషి ప్రతి ఆదివారం పొద్దున్న పది గంటలకు తన ఆరు మిషన్లకూ దారం తీయించేసి, ఉత్త సూదులతో చింకిగుడ్డల మీద గంటసేపు తొక్కించేదంటే నమ్ముతారా? నమ్మాలి మరి.

ఆ ఊళ్ళో చర్చికి సర్కారువాళ్ళు తాళం వేసి అప్పటికి నాలుగేళ్ళు. నలుగురు చేరి ప్రార్థన చేస్తే నేరం, క్రీస్తు పేరెత్తి పాడితే అంతకన్నా నేరం. పాట గోడ దాటకూడదంటే దాన్ని మించిన చప్పుడు కావాలి. ఆరు కాలిమిషన్లు ఒక్కసారిగా మొదలైతే పక్కనున్న మంగలి షాపులో మనిషి మాట మనిషికి వినపడదు. ఆ చప్పుడు కింద టైలరమ్మ, మరో అయిదుగురు ఆడవాళ్ళు కీర్తనలు పాడుకునేవాళ్ళు. మొదట్లో దారంతోనే తొక్కారు. కానీ మనసంతా పాట మీదుంటే కుట్టు వంకర పోక ఏమవుతుంది? రెండు కోటు గుడ్డలు పాడయ్యేసరికి టైలరమ్మ దారం తీయించేసింది. భక్తి భక్తే, పొదుపు పొదుపే.

ఇస్త్రీ బల్ల పక్క కుర్చీలో ఆమె అత్తగారు కూర్చునేది. అందరూ పెద్దామె అనేవాళ్ళు. పాటలయ్యాక ఆవిడ వంతు. తొలి రోజుల్లో సింహాలకు ఆహారమైనవాళ్ళ దగ్గర ఎత్తుకుని, రాళ్ళదెబ్బలకు పోయినవాళ్ళు, నేల కింద సొరంగాల్లో దాక్కుని ఆరాధించినవాళ్ళు, ఏటిలో ముంచేస్తే పోయినవాళ్ళు, ఇలా శతాబ్దాలు దాటుకుంటూ వచ్చి, సువార్త పుస్తకం దాచినందుకు కొరడా దెబ్బలు తిన్న తన తాత దగ్గర ఆపేది. అందరినీ వీధి చివర ఇంట్లో ఉండే బంధువుల్లాగే చెప్పేది. "మావాళ్ళు" అనేది, ఛాతీ విరుచుకుని. అని ఊరుకుంటేనా! కోడలి వైపు తిరిగి ఒక చురక వెయ్యాల్సిందే.

"నీకేం తెలుస్తుందిలే. పెళ్ళికి ముందు రోజు బాప్తిస్మం తీసుకుని వచ్చినదానివి."

పదహారేళ్ళుగా అదే మాట. ఆరేళ్ళ కిందట ఆవిడ కొడుకు, అంటే టైలరమ్మ భర్త, పోయాడు. పిల్లల్లేరు. ఒకరికొకరు తప్ప దిక్కులేని ఆ ఇద్దరూ ఉప్పుకీ పప్పుకీ పోట్లాడుకుంటూనే ఉన్నారు. ఊరందరికీ ఆమె ఆ ఇంటి కోడలే, అత్తగారికి మాత్రం ఆ ఒక్క విషయంలో బయటి మనిషి. ఆ మాట టైలరమ్మకు ముల్లులా గుచ్చుకునేది. పైకి అనేది కాదు గానీ, ఆ పూట మిషను మీద పడి గట్టిగా తొక్కేది.

ఒక ఆదివారం ఎవరో సర్కారువాళ్ళ చెవిలో ఊదారు. ఒక అధికారి, ఇద్దరు పోలీసులు తలుపు తోసుకుని వచ్చారు. పాట టక్కున ఆగింది, మిషన్లు ఆగలేదు. అధికారి ఒక సూది కింది గుడ్డ లాగి కిటికీ వెలుతురుకు పట్టాడు. వరసలు వరసలుగా చిల్లులు, ఒక్కదానిలోనూ దారం లేదు. ఇదేం కుట్టని అడిగాడు. కొత్తగా నేర్చుకునేవాళ్ళ చేత ముందు దారం లేకుండానే తొక్కిస్తారని, వీళ్ళయిదుగురికీ కుట్టు నేర్పింది తానేనని టైలరమ్మ చెప్పింది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అతను అయిదుగురి పేర్లూ రాసుకుని ఇళ్ళకు పంపేశాడు.

పెద్దామె సంగతి తమకెప్పుడో తెలుసన్నాడు. కాటికి కాళ్ళు చాచుకున్న ముసలిదాన్ని లోపల పెట్టి ఏం చేసుకుంటామన్నాడు. టైలరమ్మ ముందు మాత్రం ఒక కాగితం పరిచాడు. నాకు ఆ మతంతో సంబంధం లేదు, అని రెండు లైన్లు.

"రికార్డుల్లో నువ్వు పుట్టుకతో వాళ్ళ మనిషివి కాదు," అన్నాడు. "సంతకం పెట్టు, మిషన్లు నీవి, షాపు నీది. లేదంటే మూడేళ్ళు."

టైలరమ్మకు భయం వేసింది. వెయ్యదా మరి? ఒక పాత మిషనుతో మొదలుపెట్టి, కళ్ళు పోయేలా కుట్టి, ఒక్కొక్కటే కొన్న ఆరు మిషన్లవి. ఆమె అత్తగారి వైపు చూసింది. ఇన్నేళ్ళూ సింహాల కథ చెప్పిన ఆ మనిషి నేల చూపులు చూస్తోంది.

"పెట్టెయ్యవే," అంది పెద్దామె. "కాగితమేగా."

ఆ మాటతో టైలరమ్మకు ఎక్కడ లేని కోపం వచ్చింది. భయం ఏమైపోయిందో ఆమెకే తెలీదు.

"పుట్టడం నా చేతిలో లేదు సారూ," అంది. "ఇది మాత్రం నేను కోరి పట్టుకున్నది. వదలనని రాసుకోండి." తర్వాత లోపలికి చెయ్యి చూపించి, "అత్తయ్యా, పొయ్యి మీద పాలున్నాయి, పొంగిపోతాయి, చూసుకోండి," అంది. చెప్పులు వేసుకుని వాళ్ళ కంటే ముందే మెట్లు దిగింది. నన్నడిగితే, రాజుల కథలు రాసుకునేవాళ్ళు ఆ మెట్లు దిగడం గురించి కూడా ఒక పేజీ రాయాలి.

జైల్లో యూనిఫాంలు కుట్టే హాల్లో వేశారు. అక్కడా వంకర కుట్టు కనిపిస్తే ఊరుకునేది కాదు, వార్డరమ్మలే ఆమెకు జడిసేవాళ్ళు. నెలకోసారి ములాఖతు, అదీ కన్నవాళ్ళకూ కడుపున పుట్టినవాళ్ళకూ మాత్రమే. ఆమె తల్లీ తండ్రీ పోయి పదేళ్ళు దాటింది. ములాఖతు రోజున అందరూ గేటు వైపు పరిగెడితే తను అంచులు మడుస్తూ కూర్చునేది, ఏడుపొస్తే తల ఇంకా వంచుకునేది. మూడు నెలలు అలా గడిచాయి.

నాలుగో నెల వార్డరమ్మ వచ్చి, "మీ అమ్మొచ్చింది, లే," అంది. ఇంకెవరినో అనుకుని టైలరమ్మ లేవలేదు. రెండోసారి పేరు పెట్టి కసిరాక లేచింది.

ఇనుప జాలీ అవతల, చేతికర్ర మీద వంగి, రెండు బస్సులు మారి వచ్చిన పెద్దామె నిలబడి ఉంది. అధికారి ముందు అబద్ధమాడిన పాపాన పోలేదని ఊరంతా చెప్పుకునే మనిషి. టైలరమ్మ నోరు తెరిచేలోపే ఆవిడ జాలీకి ముఖం ఆనించి గొణిగింది.

"అత్తా గిత్తా అన్నావంటే ఇప్పుడే గెంటేస్తారు. కన్నతల్లినని రాయించి వచ్చాను. అమ్మా అని పిలువు."

వార్డరమ్మ చెవి ఇటే ఉంది. టైలరమ్మ పిలిచింది. ఒక్కసారి పిలిస్తే సరిపోయేదే, ఆమె మాత్రం గంట కొట్టేదాకా పిలుస్తూనే ఉంది.