మంద కలిసిన రోజు

ఊరూ గూడెమూ విడిపోతే, తన పొట్టేలును పెద్దమనిషిగా నిలబెట్టి రాజీ చేయించిన మొనగాడు చివ్వెంల చుట్టుపక్కల అచ్చయ్య ఒక్కడే. ఎండలోనూ గొంగడి కప్పుకుని, కర్రకు గడ్డం ఆనించి, ఒంటికాలి మీద నిలబడే ఆ మనిషి గొర్రెలను లెక్కపెట్టడు, మొహాలు చూసి గుర్తుపడతాడు. గూడేనికి వేరే పంచాయతీ కావాలా అని గ్రామసభలో చేతులెత్తించిన రోజు అచ్చయ్య వద్దన్నాడు. గూడెంలో ఉండే అక్క మొగుడు మైసయ్య కావాలన్నాడు. గూడెం గెలిచింది. ముప్పై ఏళ్లు కలిపి మేపిన మందను ఇద్దరూ చెరిసగం చేసుకున్నారు. తొమ్మిది నెలలు మాటల్లేవు. ముందు నోరు విప్పినవాడే ఓడినట్టని ఇద్దరికీ పంతం. అయినా అచ్చయ్య రోజూ గూడెం పొలిమేరకే మంద తోలేవాడు, గడ్డి అక్కడే బాగుంటుందని.

మొన్న ఆ పొలిమేరలో పొట్టేలు ఒక్క దూకు దూకి అవతలి మందలో కలిసింది. దాని వెనకే అచ్చయ్య గొర్రెలన్నీ పోయాయి. ఇద్దరూ మూతులు ముడుచుకుని మధ్యాహ్నం దాకా ఏరారు. ఒకదాన్ని లాగితే రెండు అటు పోయాయి. చివరికి, ప్రతి మొహమూ తెలిసిన అచ్చయ్యే అడిగాడు:

"బావా, గిండ్ల నీయేవి, నాయేవి?"

"చేతులెత్తినప్పుడు అడగకపోతివి బామ్మర్దీ!" మైసయ్య పగలబడి నవ్వాడు.

సాయంత్రానికి ఊరూ గూడెమూ ఒకే బంతిలో కూర్చున్నాయి. సర్పంచులిద్దరూ వడ్డించారు. మటన్ ఏ మందలోదో ఎవరూ అడగలేదు.

పొట్టేలును పొగిడితే మాత్రం అచ్చయ్య చిరాకు పడతాడు.

"పొట్టేలు లేదు, గిట్టేలు లేదు. బావతోని మాట్లాడబుద్ధయింది, మాట్లాడిన."